త్రినాథరావు మోచేతులు

గరివిడి,
20 నవంబరు 2023

అన్నయ్యకి,

పైడమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, మీ బావగారి పంటిపోటు తప్ప. నువ్వూ, యుగంధరూ, కోడలు భాగ్యరేఖా బాగున్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేటని యుగంధర్ నవ్వుతాడు. నవ్వనీ. ఫోనులో నువ్వు "ఊఁ", "సరే", "ఉంటాను" అని మూడు మాటలే అంటావు. మొన్న పద్దెనిమిది నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో పదిహేడున్నర నావి. అదే కాయితం మీదైతే పదో పన్నెండో వాక్యాలు రాస్తావు. అమ్మ ఉన్నప్పట్నించీ మనకిదే అలవాటు.

సంగతేటంటే, మన మధులత కూతురు కృష్ణప్రియకి పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించి, అదే పీట మీద చెవులు కూడా కుట్టించేద్దామనుకున్నాం. ఫిబ్రవరి 18, ఆదివారం, మా ఇంట్లోనే. మధులతకి తోడబుట్టిన మగపిల్లలు లేరు కాబట్టి పిల్లకి సొంత మేనమామ లేడు. తల్లికి మేనమామవి నువ్వున్నావు. ఒడి నీదే. మన ఇంటి పద్ధతి నీకు తెలీనిది కాదు. చొక్కా విప్పి, పసుపు పంచె కట్టుకుని పీట మీద కూచోవాలి. పిల్లకి మొలతాడు తప్ప ఏటీ ఉండకూడదు. ఒంటికి ఒళ్ళు తగిలితేనే పిల్ల బెదరదని అమ్మ అనేది. మొదటి కత్తెర నీ చేత్తో పడాలి. మధులతకీ నువ్వే వేసేవు. అప్పుడది నీ పంచె తడిపేసి, కంసాలి ఆచారి సూది తీసేలోగా నిద్రపోయింది. గుర్తుందా?

పిల్ల ఫోటో అడిగేవు. తీస్తాం. ఈ మధ్య మా ఇంట్లో వెలుతురు సరిగ్గా పడటం లేదు.

దుర్గ్ నించి విజయనగరానికి రిజర్వేషను ఇప్పుడే చేయించుకో. మా పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. నాలుగూ మీ బావగారి చెప్పుల్లోనే పడుకుంటున్నాయి.

నీ చెల్లెలు,
పైడమ్మ


భిలాయి, సెక్టర్ 2,
1 డిసెంబరు 2023

చెల్లి పైడమ్మకి,

ఉత్తరం అందింది. బావగారిని పంట్లో లవంగం పెట్టుకోమను.

నేను రాలేనేమో. ఇక్కడ చలి ఎక్కువ. మోకాళ్ళు బాగోలేవు. పైగా ఇంటికి రిపేరు పని వచ్చింది. నా మంచం మీద రోజూ తెల్లటి పొట్టు రాలుతోంది. గోడకి సున్నం ఊడుతోందని భాగ్యరేఖ అంది. యుగంధర్ క్వార్టర్ల ఆఫీసుకి కంప్లైంటు రాశాడు. మిస్త్రీ వచ్చి గోడంతా సుత్తితో కొట్టి చూశాడు. "దీవార్ ఏక్‌దమ్ పక్కా హై, అంకుల్‌జీ" అని, గోడ గట్టిగానే ఉందని తేల్చి వెళ్ళిపోయాడు. పొట్టు మాత్రం రాలుతూనే ఉంది.

ఒడికి ఇంకెవరినైనా చూసుకోండి. కత్తెర నేను పంపుతాను. పవర్ హౌస్ బజారులో మంచివి దొరుకుతాయి.

ఇంకో సంగతి. మా త్రినాథరావు నీకు తెలుసు కదా. స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్‌లో నాతో పని చేసినవాడు. స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. వాడికి మోచేతుల మీద ఎర్రగా, మందంగా లేచింది. పైన తెల్లటి పొలుసు. మోకాళ్ళ మీదా అంతే. తల్లో చుండ్రులా ఉంటుంది, కాని చుండ్రు కాదు. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు. పాపం, బాధపడుతున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

ఇది చిన్నపిల్లలకి అంటుతుందా అని అడుగుతున్నాడు. వాడింట్లో చిన్నపిల్లలు లేరు. ఊరికే అడుగుతున్నాడు. నీకు తెలిస్తే రాయి.

ఉంటాను.
గోపాలం


గరివిడి,
11 డిసెంబరు 2023

అన్నయ్యకి,

చలట. మోకాళ్ళట. గోడట. కత్తెర పంపుతావట. ఒడి పార్సెల్లో రాదు కదా, ఉట్టి కత్తెర నాకెందుకు?

నీకు కోపం వచ్చింది. నాకు తెలుసు. కోపం వస్తే నువ్వు అరవవు, మోకాళ్ళు నొప్పంటావు. చిన్నప్పట్నించీ అంతే. ఎందుకొచ్చిందో కూడా తెలుసు. పిల్లకి అమ్మ పేరు, పోలమ్మ అని, కలిసేటట్టు పెడతామని నీకు మాటిచ్చేను. మధులత ఒప్పుకోలేదనీ, నేను రెండు రోజులు అన్నం మానేసి పోట్లాడేననీ నీకు చెప్పేను. అన్నం మానలేదు. పోట్లాడనూ లేదు. నాకూ కృష్ణప్రియ అనే నచ్చింది. అదీ సంగతి, చెప్పేసేను. ఇప్పుడు మోకాళ్ళు తగ్గేయా?

త్రినాథరావు గారి మోచేతులకి వేపాకు నూరి పట్టించమను. కానుగ నూనె మంచిదని మీ బావగారు అంటున్నారు. కొబ్బరినూనెలో గంధకం అని మా ఎదురింటావిడ. ఉల్లిపాయ రుద్దమని పాలు పోసేవాడు. ఏది పని చేస్తాదో తెలీదు కాబట్టి అన్నీ ఒకేసారి రాయమను. నువ్వు మాత్రం ఆయనకి దూరంగా ఉండు. ఆయన గ్లాసులో టీ తాగకు. తువ్వాలు ముట్టుకోకు. చెయ్యి కలపకు, దణ్ణం పెట్టు. ఒడి ఇవ్వాల్సిన మనిషివి నువ్వు.

చిన్నపిల్లలకి అంటుతుందో లేదో నాకు తెలీదు. నీకే ఎవరైనా చెప్తే నాకూ రాయి. మాకు అలాటిదేటీ లేదు. ఊరికే అడుగుతున్నాను.

ఎవరికీ చెప్పొద్దన్నావు కాబట్టి రజనీకుమారికి ఒక్కదానికే ఫోను చేసేను. ఆయన భార్యే కదా, పరాయిది కాదు. మా పక్క వీధి పిల్ల. పాపం, దానికి ఏటీ తెలీదు.

పైడమ్మ


భిలాయి, సెక్టర్ 2,
20 డిసెంబరు 2023

చెల్లికి,

పేరు విషయం కాదు. కృష్ణప్రియ మంచి పేరు. నువ్వు అన్నం మానలేదని ఇప్పుడే తెలిసింది. అప్పట్లో నేను ఒకపూట మానేశాను, నీకు తోడుగా.

ఎవరికీ ఫోను చెయ్యకు.

రజనీకుమారి త్రినాథరావుని హాల్లో ట్యూబులైటు కింద నిలబెట్టి చొక్కా విప్పించిందట. ఒక పుట్టుమచ్చ, ఒక దోమకాటు దొరికాయి. దోమకాటుని అనుమానంలో ఉంచింది. వాడికిప్పుడు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే సబ్బు. తెలుగు సంఘం మీటింగులో వాడికి రెండు పక్కలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నలుగురు ఇంటికి వేపాకు తెచ్చి ఇచ్చారు. ఒకాయన కొమ్మే తెచ్చాడు.

మోచేతుల మీద ఆమెకి ఏమీ కనపడలేదట. వాడు బాగా దాచుకుంటాడు.

ఆదివారం వాడు మా ఇంటికి వచ్చాడు. "నా ఒళ్ళు బాగోలేదని గరివిడిలో ఎవడు చాటింపు వేశాడ్రా?" అని అడిగాడు. నేను టీ ఇచ్చాను. తాగి, మళ్ళీ అడిగాడు. బిస్కెట్లు ఇచ్చాను. అవీ తిన్నాడు. స్వెట్టరు మీద స్వెట్టరు ఎందుకు వేసుకున్నావని అడిగాడు. చలి అన్నాను.

వాడు పవర్ హౌస్‌లో ఒక మందుల షాపులో ట్యూబు కొని రాసుకున్నాడు. షాపువాడు చెయ్యి చూడకుండానే ఇచ్చేశాడు. వారంలో నున్నగా అయింది. వాడు సంతోషించి మానేశాడు. మానేసిన నాలుగో రోజుకి ముందుకన్నా ఎక్కువగా లేచింది. నాతో చెప్పాడు.

మిస్త్రీ మళ్ళీ వచ్చాడు. మంచాన్ని గోడకి దూరంగా జరిపించాడు. పొట్టు మంచంతో పాటే జరిగింది. ఇప్పుడు పైకప్పు చూస్తానంటున్నాడు.

ఫోటో ఇంకా రాలేదు.

గోపాలం


గరివిడి,
30 డిసెంబరు 2023

అన్నయ్యకి,

పేరు కాదా? అయితే బిందె.

ఎవరు చెప్పేరు నీకు? అమ్మ ఇత్తడి బిందె దొంగలెత్తుకుపోయేరని నీకు ముప్పయ్యేళ్ళ కిందట ఉత్తరం రాసేను. దొంగలు కారు, నేనే. నువ్వు అప్పుడు పాపం తీరిగ్గా రెండు పేజీలు దొంగల్ని తిట్టేవు. ఆ ఉత్తరం ఇంకా ఉంది. బిందె ఇప్పుడు మా వెనక వీధిలో మధులత ఇంట్లో, అందులో గొడుగులు పెడుతున్నాది. వచ్చి పట్టుకుపో.

బిందె కూడా కాకపోతే, మధులత పెళ్ళప్పుడు వియ్యంకులతో నిన్ను ఇంజనీరు అని చెప్పేను. వాళ్ళ మేనల్లుడు నీ దగ్గరికొచ్చి ప్లాంటు గురించి ఏటో అడిగితే నువ్వు భోజనం మధ్యలో లేచిపోయేవు. ఆ రోజు నించీ అనుకుంటున్నాను, దానికే కోపం వచ్చుంటాదని. ఇంతకుమించి నేను చేసిన తప్పులు లేవు. ఉంటే గుర్తు చెయ్యి, ఒప్పుకుంటాను. ఒడి మాత్రం ఇయ్యి.

ఈ కింద ముక్క త్రినాథరావు గారికి చదివి వినిపించు:

"అన్నయ్యగారూ, మీరు కట్టుకున్నదాని దగ్గర కూడా చొక్కా చేతులు దించుకుని తిరుగుతున్నారని విన్నాను. అరవయ్యేళ్ళు దాటిన మనిషి మోచేతులకి సిగ్గు పడటమేటండీ? ఒళ్ళన్నాక వస్తాయి. దాచుకుంటే మీ వాళ్ళు మీ మనసు బాగోలేదనుకుంటారు, తామేదో తప్పు చేసేమనుకుని కుమిలిపోతారు. ఆ మందుల షాపుల చుట్టూ తిరగడం మాని చర్మం డాక్టరుకి చూపించండి. — పైడమ్మ."

తప్పకుండా చదువు. నీలాగ నోట్లో నోట్లో కాదు, గట్టిగా.

పిల్ల బాగుంది. ఫోటో తీసేం గాని దుప్పటి కప్పేసి ఉంది. ముక్కొక్కటే కనపడుతున్నాది. పంపుతున్నాను. ముక్కు మన అమ్మది.

పైడమ్మ


భిలాయి, సెక్టర్ 2,
10 జనవరి 2024

చెల్లికి,

ఫోటో అందింది. ముక్కు అమ్మదే. దుప్పటి బాగుంది.

బిందె సంగతి నాకు తెలీదు. గొడుగులకి పనికొస్తోంది కదా, ఉండనీ. ఇంజనీరు సంగతి కూడా తెలీదు. ఆ రోజు మిరపకాయ కొరికి లేచాను.

నువ్వు రాసిన ముక్క గట్టిగా చదివాను. రెండుసార్లు. తరవాత త్రినాథరావుని చర్మం డాక్టరుకి చూపించాం. నేనూ వెంట ఉన్నాను.

డాక్టరమ్మ చిన్నమ్మాయి. హిందీ మాట్లాడుతుంది. మోచేతులు, మోకాళ్ళు, తల, గోళ్ళు చూసింది. వేళ్ళ సందుల్లో కూడా చూసింది. గజ్జి అయితే అక్కడ ఉంటుందట, ఇంట్లో మిగతావాళ్ళూ గోక్కుంటారట. తామరైతే గుండ్రంగా, మధ్యలో మామూలుగా, అంచు ఎర్రగా ఉంటుందట. ఇది రెండూ కాదంది. సోరియాసిస్ అంది. ఒంట్లో కాపలా కాసేవాడే పొరపాటు పడి సొంత ఇంటి మీద రాళ్ళు వేస్తే చర్మం కంగారు పడి తొందర తొందరగా పెరుగుతుందట. చలికాలం ఎక్కువవుతుందట. ట్యూబు గురించి చెప్తే తల పట్టుకుంది. ఘాటైన మందు, చూడకుండా రాసి, ఉన్నట్టుండి ఆపితే ఇలాగే తిరగబడుతుందంది.

తగ్గిపోతుందా అని అడిగితే, పూర్తిగా పోదు, అణిగి ఉంటుంది, అదుపులో పెట్టుకోవాలి అంది. అది మాకు అర్థమైంది. కోక్ ఓవెన్ బ్యాటరీ, అంటే మా బొగ్గు కొలుముల వరస, అదీ అంతే. ఒకసారి వెలిగించాక ఆర్పడం అనేది లేదు. వేడి చూసుకుంటూ ఉండాలి. ముప్పయ్యారేళ్ళు అదే చేశాం.

తరవాత చీటీ రాసింది. రోజుకి రెండుసార్లు ఒంటికి తడి నిలిపే క్రీము. మోచేతులకి కోల్‌తార్ ఆయింట్‌మెంటు.

కోల్‌తార్ అంటే మన తారే, పైడమ్మా. కోక్ ఓవెన్ గ్యాసులోంచి తీసేది. డ్యూటీ నించి వచ్చి ముప్పయ్యారేళ్ళు సబ్బు పెట్టి, రాయి పెట్టి వదిలించుకున్న సరుకు. ఇప్పుడు అదే పుయ్యమంటోంది. ఇద్దరం బయటికొచ్చి నవ్వుకున్నాం. మన సరుకు మనం షాపులో కొనడమేంటి అనుకున్నాం. త్రినాథరావు మేడ మీద పగుళ్ళకి పూయడానికి తెచ్చిన తారు అర డబ్బా ఉంది. కొంచెం వేడి చేసి, చీపురు పుల్లతో పూశాం.

పూసుకుని, వాడు మోచేతులు బల్ల మీద ఆన్చి పేపరు చదివాడు. లేవబోతే పేపరు కూడా లేచింది. హిందీ పేపరు, రాశిఫలాల పేజీ. ఎంత లాగినా వృశ్చికం ఊడి రాలేదు. "పాత మిత్రుని వల్ల మేలు" అని ఉంది. సాయంత్రానికి మంట. కొబ్బరినూనెతో రెండు గంటలు తుడిచాం. డాక్టరమ్మ చూసి, "అంకుల్, ఇది మోచెయ్యా, హైవేయా?" అని అడిగింది. శుద్ధి చేసి, కొలత ప్రకారం కలిపిందే మందట. డబ్బాలోది రోడ్డుకట. మంట తగ్గాక అసలు మందు మొదలెట్టమంది.

అంటుతుందా అని అడగడానికి వెళ్ళి, ఈ గొడవలో అడగలేకపోయాం.

ఫిబ్రవరికి నేను రాలేను. ఏమీ అనుకోకు.

గోపాలం


గరివిడి,
20 జనవరి 2024

గోపాలం అన్నయ్యకి,

నాకు అంతా అర్థమైంది.

నిన్న రజనీకుమారి ఫోను చేసింది. త్రినాథరావు గారి మోచేతులు పళ్ళెంలా నున్నగా ఉన్నాయంది. ఆయనకి డాక్టరూ లేదు, తారూ లేదు. మంట అసలే లేదు. నెలరోజులుగా వేరే కంచంలో తిని ఆయన మూడు కిలోలు పెరిగేడట, అదొక్కటే జబ్బు.

అంటే నువ్వు కట్టుకథ రాసేవు. ఎర్రగా లేచిందనీ, పొలుసులనీ, చిన్నపిల్లలనీ, అంటుతుందా అనీ. అదంతా నా మనవరాలి గురించే. ఎవరో నీ చెవిన వేసేరు. ముఖం మీద అడగడం ఇష్టం లేక త్రినాథరావు గారి పేరు పెట్టి అడిగేవు.

అవును. పిల్లకి నాలుగో నెల నించీ ఒళ్ళు బాగోలేదు. బుగ్గలు ఎర్రగా పేలిపోతాయి. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక గరుకుగా, ఒక్కోసారి చెమ్మగా ఉంటాది. గోక్కుని గోక్కుని ఏడుస్తాది. నేనే సున్నిపిండి పెట్టి రోజూ రుద్దేను, పోతాదని. రుద్దినకొద్దీ ఎక్కువైంది. నా చేతులతో నేనే చేసేనేమోనని ఎవరితోనూ అనలేదు. నీతో కూడా. వెలుతురు బాగానే పడుతున్నాది మా ఇంట్లో.

విజయనగరంలో పిల్లల డాక్టరు చూసేరు. ఎగ్జిమా అట. ఎవరికీ అంటదన్నారు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

మీ బావగారి అన్న కొడుకు ఉదయ్‌కుమార్ వైజాగ్‌లో ఉన్నాడు. వరసకి పిల్లకి మేనమామే. వాణ్ణి అడిగేం. టీషర్టు విప్పనంటున్నాడు, ఒళ్ళో ప్లాస్టిక్ కాయితం వేసుకుంటానంటున్నాడు. వేసుకోనీ. రాని ఒడి కన్నా అదే నయం.

పసుపు పంచె కొని ఉంచేను. గొడుగుల బిందెలో పడేసేను.

పైడమ్మ


భిలాయి, సెక్టర్ 2,
31 జనవరి 2024

పైడమ్మా,

త్రినాథరావు మోచేతులు నావి.

మోకాళ్ళు కూడా నావే. తల, గోళ్ళు నావే. మంచం మీద రాలినది సున్నం కాదు, నేను. వృశ్చికం అంటుకున్నది నా చేతికే. నీ ముక్క రెండుసార్లు చదివి వినిపించింది నాకే.

రెండేళ్ళ నించీ ఉంది. మొదట పావలా అంత. ఎవరికీ చూపించలేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే అయిపోయేది. నువ్వు చొక్కా విప్పి కూచోమన్నావు. రెండొందల మంది చూస్తారు. దానికైనా ఓర్చుకుందును. పిల్లని ఉత్త ఒంటితో ఒళ్ళో పెడతామన్నావు. దానికి అంటుకుంటే ఏం చెయ్యను? అందుకని మోకాళ్ళు అన్నాను.

నీ పిల్ల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. దుప్పటి చలికి అనుకున్నాను.

త్రినాథరావు రెండోసారి వచ్చి, "గోపాలం, నిజం చెప్పు" అన్నాడు. స్వెట్టరు మడిచి చెయ్యి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికోసమా నన్ను నెల్లాళ్ళు వేరే కంచంలో తినిపించావు?" అన్నాడు. తరవాత వాడే స్కూటరు తీసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రజనీకుమారికి చెప్పొద్దని బతిమాలితే నాకోసం ఇంకా కొన్నాళ్ళు జబ్బు మనిషిగా ఉంటానన్నాడు. అలాంటి స్నేహితుడి మోచేతుల మీద నేను అబద్ధం రాశాను.

నీ ఉత్తరం వచ్చాక డాక్టరమ్మ దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళాను. అడగాల్సింది కాయితం మీద రాసుకుని వెళ్ళాను. గట్టిగా చదివాను. బయట కూచున్నవాళ్ళు కూడా విన్నారు. నాది పిల్లకి అంటుతుందా? అంటదు. పిల్లది నాకు? అంటదు. పక్కన కూచున్నా, ఎత్తుకున్నా, ఒకే తువ్వాలు వాడినా అంటదు. ఒళ్ళో పెట్టుకోవచ్చా? "నేనైతే దింపను, అంకుల్" అంది.

రెండూ ఒకటి కావంది. నాది మోచేతికి బయటి పక్క. పిల్లది మడత లోపలి పక్క. చిన్నపిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ తగ్గుతుందట. నీ చేతుల వల్ల రాలేదు, చర్మం తీరే అంత అంది. కాని సున్నిపిండి రుద్దొద్దంది. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెంసేపే స్నానం. తడి అద్ది, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే క్రీము రాయాలి. ఉన్ని బట్టలు తగలనివ్వొద్దు, నూలువి వెయ్యాలి. గోళ్ళు కత్తిరించాలి. డాక్టరు ఇచ్చిన మందు ఎన్నాళ్ళు రాయమంటే అన్నాళ్ళే రాయాలి. చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించాలి. చెవులకి బంగారపు తీగే పెట్టించు, గిల్టు వద్దు. గిల్టుకి కొందరి చర్మం పేలుతుందట. కుట్టే ముందు మీ డాక్టర్ని ఒకమాట అడుగు.

ఇంట్లో చెప్పాను. యుగంధర్ కంప్లైంటు వాపసు తీసుకున్నాడు. మిస్త్రీ అప్పటికే పైకప్పులో కన్నం పెట్టాడు.

17కి విజయనగరం చేరేలా టికెట్టు తీశాను. రమ్మంటేనే ఎక్కుతాను. ఉదయ్‌కుమార్‌కి మాటిచ్చేసి ఉంటే వాడే కూచుంటాడు, నేను వెనకాల నిలబడి చూస్తాను. ఇంత పెద్ద ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. చెయ్యి నొప్పిగా ఉంది. నిజం నొప్పే.

గోపాలం


గరివిడి,
7 ఫిబ్రవరి 2024

అన్నయ్యా,

ఊఁ.
సరే.
ఉంటాను.

పైడమ్మ

(వెనక చూడు.)

ఆ మూడు మాటలు వినేవాళ్ళకి ఎలాగుంటాదో నీకూ తెలియాలని అలా రాసేను. తెలిసిందా?

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూచుని ఏడ్చేను. మిస్త్రీ కన్నం దగ్గర నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి మీ బావగారు మంచినీళ్ళు తెచ్చేరు. ఆయన పన్ను నిన్నే పీకించేరు. పాపం, ఆయన నవ్వితే గాలి వస్తున్నాది.

ఉదయ్‌కుమార్‌కి వద్దని చెప్పేం. అమ్మయ్య అన్నాడు.

త్రినాథరావు గారి మోచేతులు తగ్గితే పైడితల్లమ్మకి పదకొండు కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను. ఎవరి మోచేతులో ఆ తల్లికి తెలిసే ఉంటాది. పూర్తిగా పోదన్నావు కాబట్టి, అణిగితే ఆరు కొడతాను. మిగతావి తరవాత చూద్దాం.

సున్నిపిండి డబ్బా గిన్నెలు తోమడానికి ఇచ్చేసేను. నువ్వు రాసినట్టే మా డాక్టరూ అన్నారు, క్రీము చెమ్మ ఒంటి మీదేనట. నేను ఇన్నాళ్ళూ ఒళ్ళు ఆరేక రాస్తున్నాను. బుగ్గలు ఇప్పుడు కొంచెం మెత్తబడ్డాయి. చెవుల సంగతి అడిగేం, చెవుల దగ్గర చర్మం బాగుంది, కుట్టించొచ్చన్నారు. గుండుకి గంధం, పసుపు పూయం. కొబ్బరినూనె చాలు.

ఒక్క షరతు. చొక్కా విప్పాలి. చూసేవాళ్ళ సంగతి నాకు వదిలేయ్. నీకు మాటలు రావు, నాకు ఆగవు. ఇద్దరికీ సరిపోతాది.

పంచె బిందెలోంచి తీసి ఉతికేను.

పైడమ్మ


భిలాయి, సెక్టర్ 2,
27 ఫిబ్రవరి 2024

చెల్లి పైడమ్మకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన అరిసెలు బండిలో పక్కవాళ్ళు కూడా తిన్నారు. బిందె భాగ్యరేఖకి నచ్చింది. గొడుగులే పెట్టింది.

ఆ రోజు ఆచారి సూది తియ్యగానే నువ్వు వంటింట్లోకి పారిపోయావు. నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

అంతకుముందు సంగతి నీకు తెలుసు. చొక్కా విప్పేసరికి మీ వియ్యపురాలు ఒకడుగు వెనక్కి వేసింది. నువ్వు అప్పుడు అందరికీ వినపడేలా, "మా అన్నయ్యది బయటి పక్క, పిల్లది లోపలి పక్క, రెండూ అంటవు, కావాలంటే డాక్టరు ఫోను నంబరు ఇస్తాను, ఎవరికైనా కావాలా?" అన్నావు. ఎవరూ అడగలేదు. నేను నేల చూసుకుంటూ కూచున్నాను. మధులత పిల్లని ఒళ్ళో పెట్టింది. నన్ను చూసి మూతి ముడిచింది. ఇంక ఏడుస్తుందనుకున్నాను.

కత్తెర వేశాను. ఊరుకుంది. గుండు గీస్తుంటే కదిలింది. ఆచారి దగ్గరికి వచ్చేసరికి అందరూ గిలక్కాయలు ఆడించారు. బావగారు పన్ను లేని నోటితో ఈల వేశారు. పిల్ల ఎవర్నీ చూడలేదు. నా కుడి మోచెయ్యి చూసింది. అక్కడ పొలుసు ఒకటి అంచు లేచి ఉంది. రెండు వేళ్ళతో పట్టుకుంది. చాలా శ్రద్ధగా లాగింది. రాలేదు. నాలిక బయటపెట్టి మళ్ళీ లాగింది. ఆచారి ఎడమ చెవి కుట్టేశాడు. పిల్లకి తెలీదు, పైడమ్మా. పొలుసు ఊడింది. అందరికీ చూపించింది.

కుడి చెవికి ఏడ్చింది. నువ్వు లోపల విన్నది అదే. మళ్ళీ మోచెయ్యి ఇచ్చాను. ఆగింది. దాని చెయ్యి నా చేతి మీద ఉంది. మడత దగ్గర గరుకుగా తగిలింది. మెత్తబడిందన్నావు, నిజమే.

త్రినాథరావుకి కంచం కలిపేశారు. వాడు వేరే కంచమే కావాలంటున్నాడు. అందులో అయితే ఎవరూ చెయ్యి పెట్టి పకోడీ తియ్యరట. వాడికి నీ మొక్కులో కొబ్బరికాయ ఒకటి పంపు, బాకీ ఉన్నాం.

రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. నన్ను గోకొద్దని, పొలుసు లాగొద్దని గట్టిగా చెప్పింది. పిల్ల లాగితే ఏమంటుందో, అడగాలి.

అడగాల్సినవి కాయితం మీద రాసుకున్నాను. ఈసారి పొట్టి చేతుల చొక్కా వేసుకుని వెళ్తాను.

నీ అన్నయ్య,
గోపాలం